మూత తియ్యని గుండిగ

మా అమ్మ పోయిన మూడోనాడు నేను పెరట్లోకి పరిగెత్తి, కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. వచ్చినవాళ్ళందరూ అది దుఃఖమనుకున్నారు. ఎవరో వీపు రాశారు. ఎవరో "తల్లి కదమ్మా, కడుపులోంచి తన్నుకొస్తాది" అన్నారు. అది దుఃఖం కాదు, సాంబారు. దుఃఖం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని యలమంచిలి నుంచి మాకు వదిన వరసయ్యే ఆవిడ పొద్దున్నే వండి తెచ్చింది. పొయ్యి మీంచి దింపింది దింపినట్టు స్టీలు క్యారేజీలో పోసి, మూత బిగించి, పైన తువ్వాలు చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మధ్యాహ్నం ఎవరికీ ముద్ద దిగలేదు. సాయంత్రం మూత తీస్తే లోపలి గాలి తుస్సుమని బయటికొచ్చింది. పైన సన్నటి నురగ, ములక్కాడ ముక్కల చుట్టూ తెల్లటి బుడగలు. "కాస్త పులుపెక్కింది, అంతే. వేడి సేసుకుంటే సరిపోద్ది" అని, పొయ్యి వెలిగించకూడదన్న ఆవిడే స్టౌ వెలిగించింది. ఆ వేడికి లేచిన వాసన తగలగానే నేను లేచి పరిగెత్తాను. బతికుండగా అమ్మ చేత తినిపించిన కూటి వాసనే, అమ్మ పోయాక కూడా మా ఇంటిని పట్టుకుని ఉందనిపించింది.

నా ముక్కు మీద మా బంధువులందరికీ ఫిర్యాదే. ఎవరింటికి వెళ్ళినా గిన్నె మూత తీసి వాసన చూస్తానంటారు. వాళ్ళ ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటే నా మొహం ముడుచుకుంటుందంటారు. పెళ్ళిళ్ళలో రెండో బంతి దాటితే పెరుగుపచ్చడి వేయించుకోనని, నన్ను పిలవడం కన్నా ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని పిలవడం నయమని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఈ ముక్కు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, నర్సీపట్నంలో మా వంటింట్లో తయారైంది. ఆ ఇంట్లో మేం నలుగురం. ఇంటికి పెద్ద మా నాయనమ్మ, స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసే నాన్న, అమ్మ, నేను. నలుగురికి అంత వంట ఎందుకని ఎవరైనా అడగొచ్చు. మా ఊరికి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఆఫీసు పనులకీ ఆసుపత్రికీ బజారుకీ వస్తూనే ఉంటారు. గొలుగొండ నుంచో కోటవురట్ల నుంచో వచ్చిన చుట్టం ఏ వేళకైనా మా గుమ్మం ఎక్కొచ్చు. అలా వచ్చినవాళ్ళతో "కూర్చోండి, వండుతాను" అనడం నాయనమ్మ దృష్టిలో మెడపట్టి గెంటడంతో సమానం. అందుకని రోజూ పొద్దున్నే ఇంకో నలుగురికి సరిపడా వండించేది. చుట్టాలు వచ్చిన రోజుల కన్నా రాని రోజులే ఎక్కువ. ఆ రాని చుట్టాల అన్నమంతా అమ్మ తినేది.

వండినదాని మూత తియ్యకూడదనేది నాయనమ్మ పెట్టిన శాసనం. ఆవిరే అన్నానికి బలమని ఆవిడ గట్టి నమ్మకం. "ఆవిరి పోతే సత్తువ పోద్ది. సత్తువ పోయిన కూడు తింటే మనిసికి ఏటొస్తాది?" అనేది. పైగా మూత తీసి ఉంచితే దిష్టి. అందుకని ఇత్తడి గుండిగ మీద బరువైన మూత, మూత మీద మడతపెట్టిన గోనెసంచి, పిల్లి తొయ్యకుండా దాని మీద సన్నికల్లు పొత్రం. అంత కట్టుదిట్టం చేశాక గుండిగని చల్లటి చోట పెడుతుందా అంటే, అదీ లేదు. వేడి నిలవాలని పొయ్యి పక్కనే. మధ్యాహ్నం మూడింటికి చెయ్యి ఆనిస్తే ఆ గుండిగ జ్వరమొచ్చిన మనిషి ఒంటిలా వెచ్చగా ఉండేది. సాయంత్రం మూత ఎత్తితే దాని లోపలివైపు పట్టిన చెమట ధారలుగా మళ్ళీ పప్పులోకే కారేది. ఎండాకాలమైతే పప్పు గరిటెతో ఎత్తినప్పుడు వెనకాల తీగ సాగేది. అడుగున అన్నం పసుపు రంగుకి తిరిగి, మెతుకు మెతుకుని వదలకుండా ముద్దకట్టేది. ఆ వాసనకి పోలిక చెప్పమంటే, వానలో తడిసిన బూటులో రోజంతా ఉన్న కాలు అంటాను.

ఈ మాటలంటే కొందరు పెద్దలు చద్దన్నం గొప్పతనం మొదలెడతారు. చద్దన్నం తినే మన తాతలు రాళ్ళు అరిగించుకున్నారంటారు. చద్దన్నం గురించి నాకు చెప్పకండి. రాత్రి అన్నంలో చన్నీళ్ళు పోసి, వేడి చంపి, పొద్దున్నే పెరుగూ ఉల్లిపాయా వేసుకుని తినేది వేరు. పొద్దుటి పప్పుని రోజంతా గోనె కింద మాగబెట్టి, రాత్రి మరగబెట్టి, మర్నాడు మళ్ళీ మరగబెట్టి తినేది వేరు. "మరగబెడితే ఏటీ అవదు, అగ్గికి మించిన మడి ఉందేటి?" అని నాయనమ్మ అనేది. చేపల పులుసు మర్నాటికే రుచి అన్నది మా వైపు అందరూ ఒప్పుకునే మాట. ఆ ఒక్క పులుసుకి ఉన్న పేరుని ఆవిడ పప్పుకీ, కూటుకీ, కొబ్బరి పచ్చడికీ కూడా పంచిపెట్టింది. అయితే ఆవిడ మాత్రం అది ముట్టేది కాదు. పళ్ళు లేవు, అరగదు, అప్పటికప్పుడు కాచిన జావ. నాన్నకి బడి నుంచి రాగానే వేడిగా వార్చిన అన్నం. నేను చదువుకునే పిల్లని, నా కడుపు చెడితే పరీక్షలు పోతాయి. ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో మినహాయింపు దొరికింది. అమ్మకి ఏ సాకూ దొరకలేదు. గుండిగ అడుగు ఆవిడదే.

చల్లార్చడం తెలియని ఇల్లయితే నాకింత అసహ్యం ఉండేది కాదు, తెలియదులే అని సరిపెట్టుకునేదాన్ని. మా ఇంట్లో చల్లార్చడం ఒక విద్య. పులిహోర కలిపే రోజున అన్నం వార్చీ వార్చగానే పెద్ద తాంబాళంలో పలచగా ఆరబోసి, నూనె చిలకరించి, మెతుకు చితక్కుండా అట్లకాడతో ఎగదోసి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవారు. అప్పుడు ఆవిరి పోతే సత్తువ పోతుందని నాయనమ్మ ఒక్కసారి కూడా అనలేదు. పాలు తోడుపెట్టాలంటే కాగిన గిన్నెని నూతి నీళ్ళు పోసిన బేసిన్‌లో నిలబెట్టి, నీళ్ళు వెచ్చబడగానే పారబోసి మళ్ళీ పోసేవారు. పక్కింటి పసిపిల్లకి పాలు పట్టాలంటే రెండు గ్లాసులు పట్టుకుని ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి ధార కట్టేది అమ్మ. నాన్న కాఫీ కూడా అలాగే. నాన్న కంచంలో వేడన్నం పెట్టాక అమ్మ దాన్ని వేళ్ళతో పలచగా పరిచి, ఆయన వచ్చి కూర్చునేదాకా విసిరేది, ముద్ద కలిపితే వేళ్ళు కాలకుండా. వెడల్పుగా పరిస్తే వేడి పోతుంది, చన్నీళ్ళలో పెడితే వేడి పోతుంది, కలియబెడితే వేడి పోతుంది అని అందరికీ తెలుసు. దేవుడికీ, పసిపిల్లకీ, మగవాడికీ పనికొచ్చిన ఆ తెలివి, అమ్మ తినబోయే పప్పు దగ్గరికి వచ్చేసరికి గోనె కింద పడుకునేది.

నేను ఇంటర్లో ఉండగా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. నాయనమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతిచ్చింది. దింపడానికి వచ్చిన షాపు మనిషి వెళ్తూ వెళ్తూ "వేడివి పెట్టకండమ్మా, మోటారు మీద లోడు పడుద్ది" అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుంది. మూత తియ్యకూడదు, వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఈ రెండూ కలిసి ఏమైందంటే, గుండిగ గోనె కింద తనంతట తాను ఎప్పుడు చల్లారితే అప్పుడే ఫ్రిజ్ ప్రవేశం. అంటే దీపాలు పెట్టాక. అప్పటికి లోపల జరగాల్సినదంతా జరిగిపోయేది. పాడైనదాన్ని పాడైనట్టే పదిలంగా దాచే బీరువా కింద తయారైంది ఆ ఫ్రిజ్. దానికి తోడు కరెంటు కోతలు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరిస్తే లోపలి నుంచి చల్లగాలికి బదులు పుల్లటి గాలి వచ్చేది. "ఫ్రిజ్‌లో పెట్టాం కదా, ఇంకేటి భయం?" అని నాయనమ్మ ధీమా. ఫ్రిజ్ రాకముందు మర్నాటితో ముగిసే పప్పు, అది వచ్చాక మూడోనాటి దాకా సాగింది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. సగం ఊరు వచ్చి తిని వెళ్ళినా ఒక గుండిగడు సాంబారు మిగిలింది. గోనె, పొత్రం, పొయ్యి పక్కన చోటు, అన్నీ మామూలే. రాత్రి గుండిగని అలాగే ఫ్రిజ్‌లోకి తోశారు. మర్నాడు దాన్ని మరగబెట్టుకుని తిన్నది అమ్మ ఒక్కతే. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి, ఆ వెనకే విరేచనాలు. పొద్దు వాలేసరికి పెరట్లోంచి లేచి గుమ్మందాకా నడవలేక తులసికోట పట్టుకుని కూలబడింది. నేనూ నాన్నా రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కళ్ళు లోపలికి పోయాయి, వేళ్ళ చివర్లు బట్టలుతికిన చేతుల్లా ముడతలు పడ్డాయి. సెలైన్ పెట్టడానికి నరం దొరక్క నర్సు రెండు చేతులూ వెతికింది. నేను అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్నాను, అవి చల్లగా ఉన్నాయి. అంత భయం మళ్ళీ నాకు జీవితంలో వెయ్యలేదు.

వెనకాలే వచ్చిన నాయనమ్మని డాక్టరమ్మ అడిగింది, ఏం తిన్నారని.

"ఇంటి కూడేనమ్మా. బైటిదేటీ ముట్టలేదు."

"ఎప్పుడు వండింది?"

"నిన్న పొద్దున్నదే. మళ్ళీ బాగా మరగబెట్టింది. ఫ్రిజ్జిలో కూడా పెట్టినాం."

"ఫ్రిజ్‌లో పెట్టేముందు ఎంతసేపు బయటుంది?"

నాయనమ్మ అది అడగాల్సిన ప్రశ్న కాదన్నట్టు చూసింది. డాక్టరమ్మకి ఓపికుంది. గోరువెచ్చగా ఉన్నంతసేపూ అందులో క్రిములు పెరుగుతూనే ఉంటాయనీ, తరవాత మరగబెడితే క్రిములు చచ్చినా అవి వదిలిన విషం అన్నిసార్లూ చావదనీ చెప్పింది. భోజనాలవగానే మిగిలినదాన్ని చిన్న గిన్నెల్లోకి తీసి, లోతు తక్కువగా పరిచి, చన్నీళ్ళలో పెట్టి కలియబెట్టి, గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేర్చమంది. ఒకవేళ కాస్త వెచ్చగా ఉన్నా చిన్న గిన్నెకి ఫ్రిజ్ ఏమీ అయిపోదంది. నాన్న తలూపారు. అమ్మని ఇంటికి తీసుకురాగానే నాయనమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసి, ఆవిడకి దిష్టి తీసింది. వ్రతానికి వచ్చినవాళ్ళలో ఎవరి కన్నో అంది.

ఆ ఆసుపత్రి మంచం పక్కన నేనొకటి గట్టిగా అనుకున్నాను. నాయనమ్మ మారకపోయినా సరే, నాన్న అడ్డుపడకపోయినా సరే, ఆ కూడు కంచంలోకి వచ్చినప్పుడు అమ్మ తన నోటితో "ఇది నేను తినను" అనాలి. అనకపోతే ఇంకోసారి నరం దొరకదేమోనని నా భయం.

అమ్మ ఇంటికొచ్చిన మర్నాటి నుంచి వంటింట్లో చల్లార్చే పని నేను తీసుకున్నాను. మధ్యాహ్నం భోజనాలవగానే గుండిగ మూత తీసి, సాంబారు రెండు మూడు వెడల్పు గిన్నెల్లోకి వంపి, నూతి నీళ్ళ బేసిన్‌లో పెట్టి గరిటెతో తిప్పేదాన్ని. అన్నం తాంబాళంలో ఆరబోసి, ఈగలు వాలకుండా పలచటి గుడ్డ కప్పి, ఫ్యాను కింద పెట్టేదాన్ని. నాలుగుసార్లు నీళ్ళు మార్చేసరికి సాంబారు చల్లబడి ఫ్రిజ్‌లోకి వెళ్ళేది. రాత్రి మూత తీస్తే అది మధ్యాహ్నం ఎలా ఉందో అలాగే, ఇంగువ వాసనతో ఉండేది. నాయనమ్మ మాత్రం గడప మీద కూర్చుని సణిగేది.

"ఓలి గుంటా, కూడు అలాగ నలుగురి కళ్ళముందర పరిస్తే లచ్చిమి నిలస్తాదేటి?"

"పులిహోరకి పరుస్తారు కదా నాయనమ్మా?"

"అది దేవుడికే."

"మరి అమ్మకి?"

ఆవిడ వసారాలో పేపరు చదువుతున్న నాన్న వైపు తిరిగి, "సూడరా, నీ కూతురు నన్ను నిలదీస్తంది" అంది. నాన్న పేపరు దించకుండానే, "పెద్దావిడ మనసు కష్టపెట్టకు. మీ అమ్మకి తగ్గిపోయింది కదా, ఇంకెందుకు రాద్ధాంతం" అన్నారు. లెక్కల మాస్టారు. డాక్టరమ్మ చెప్పినదంతా పక్కనే నిలబడి విన్న మనిషి. నాయనమ్మ మీద నాకు కోపం వచ్చేది, నాన్న మీద వచ్చింది మాత్రం అసహ్యం. అన్నానికి దణ్ణం పెట్టుకుని కూర్చునే ఇంట్లో, ఆ అన్నం పాసిపోయాక ఎవరి నోట్లోకి వెళ్తోందో ఆయన కళ్ళెత్తి చూడలేదు.

డిగ్రీకి నేను విశాఖపట్నం హాస్టల్‌కి వెళ్ళిపోయాను. ఉత్తరాల్లో గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ "నువ్వు సెప్పినట్టే సేస్తన్నాను" అని రాసేది. ఒకసారి సెలవులకి చెప్పకుండా వచ్చి వంటింట్లోకి వెళ్తే, అమ్మ ఒక్కతే కింద కూర్చుని తింటోంది. కంచంలో పప్పు చూడక్కర్లేదు, గుమ్మంలోనే వాసన తెలిసింది. గోనె మళ్ళీ గుండిగ మీదికి వచ్చేసింది. నేను కంచం లాగెయ్యబోతే ఆవిడ ఎడంచేత్తో ఆపింది.

"నీకు వాసన తెలీడం లేదా అమ్మా?"

"తెలీకేటే. మూత తియ్యకముందే తెలుస్తాది."

"మరి ఎందుకు తింటున్నావు?"

"పాసిపోయిందని నేనంటే పారబొయ్యాలి. పారబోస్తే నాకోసరం మళ్ళీ వండాలి. తెల్లారగట్ల నించీ నిలబడున్నాను పాపా, మళ్ళీ పొయ్యి ముట్టించే ఓపిక ఉండదు. నీ పద్ధతి మంచిదే. మరి ఆ పళ్ళేలూ బేసిన్లూ తోమేదెవరు?"

నిజమే. నేనున్న రోజుల్లో తోముకునేదాన్ని, నేను వెళ్ళగానే అవి ఆవిడ మీద పడేవి. ఆవిడ ఆ ముద్ద నమిలి మింగి, మంచినీళ్ళు తాగి, లేచి కంచం కడుక్కుంది.

ఇప్పుడు మా ఇంట్లో మిగిలిన సాంబారు ఐసుముక్కలు వేసిన నీళ్ళలో కూర్చుంటుంది, పావుగంటలో డబ్బాల్లోకి వెళ్తుంది, ఆ గిన్నెలు మా ఆయన తోముతారు. ఇది గొప్ప అభివృద్ధి అని నేననుకోను. ఇన్నాళ్ళకి మనుషులు చెయ్యాల్సిన పని మనుషులు చేస్తున్నారు, అంతే. బంధువుల ఇళ్ళలో మా పాత బీరువా అంత ఫ్రిజ్‌లున్నాయి. వాటిలో వెనక వరసలో ఒక డబ్బా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఎవరు తింటారో గమనిస్తూ ఉంటాను. పిల్లలు తినరు, పిల్లల తండ్రి తినడు. "పారెయ్యడం ఎందుకని" అంటూ ఆ డబ్బా తీసేది ఎవరో మీరూ చూసే ఉంటారు. ఆ మాట వినగానే నాకు వెగటు పుట్టుకొస్తుంది. పారెయ్యకూడదనుకున్నవాళ్ళు కాస్త ముందు లేచి చల్లార్చొచ్చు, లేదా తామే తినొచ్చు.

నాయనమ్మ పోయిన కొన్నేళ్ళకి, నాన్న రిటైరయ్యాక, నేనొకసారి నాలుగు రోజులుండి వద్దామని వెళ్ళాను. ముందురోజు రాత్రంతా కరెంటు లేదు. గుండిగ అటక ఎక్కినా మూత అలవాటు మాత్రం ఇల్లు వదల్లేదు. పెద్ద తపేలా నిండా సాంబారు ఆ ముందురోజే మధ్యాహ్నమంతా మూతతో బయటుండి ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. నాన్న బెండకాయ వేపుడుతో వేడన్నం తిని, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ మామూలుగా అన్నారు.

"నిన్నటి సాంబారు ఉండిపోయింది కదా, అది నువ్వు కానిచ్చెయ్యి. పారెయ్యడం ఎందుకు."

అమ్మ ఫ్రిజ్ తీసి, తపేలా తెచ్చి, నాన్న కంచం ముందు పెట్టింది.

"ఇది నేను తిననండి. మీరు ఒక్క ముద్ద తిని బాగుందనండి, అప్పుడు తింటాను."

ఆవిడ గొంతులో కోపం లేదు, ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నట్టు అంది. నేను చేతిలో ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను. నాన్న నా వైపు చూసి నవ్వి, "అదేం పెద్ద సంగతి" అని మళ్ళీ కూర్చున్నారు. మూత తీశారు. తల వెనక్కి వెళ్ళింది. కూతురు చూస్తోందన్న పట్టింపుకి గరిటెడు అన్నంలో పోసుకుని, కలిపి, నోట్లో పెట్టుకున్నారు. మింగలేకపోయారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి ఉమ్మి, పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించారు. తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగారు. మొహం పాలిపోయింది.

"ఇదా నువ్వు ఇన్నాళ్ళూ తింటున్నది?" అన్నారు.

అమ్మ తపేలాలోకి వంగి చూసింది.

"ఇది నయమేనండి," అంది. "ఇలాటిదైతే నేను వాసన కూడా సూడకుండా తినేసేదాన్ని."